మేజర్ సోమనాథ్ శర్మ: మన క్విజ్‌లో తప్పయిన జవాబు

(1985 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి, సివిల్ ఇంజనీరు)

సావనీరుకు ఏదైనా రాసివ్వమని కమిటీ మిత్రులు ఫోన్ చేసినప్పుడు, అందరిలాగే నేనూ గ్రౌండు పక్క చింతచెట్టు గురించో, ఎన్‌సీసీ పరేడ్ అయ్యాక పెట్టే పూరీల గురించో రాద్దామనుకున్నాను. కూర్చుని కలం పట్టాక తెలిసింది, అవి నాకంటే బాగా రాసేవాళ్లు మన బ్యాచ్‌లోనే పదిమంది ఉన్నారని. నేను రాయవలసింది వేరే ఉంది. నలభై ఏళ్ల నాటి బాకీ అది. తీర్చాలంటే ముందు కొంత చరిత్ర చెప్పాలి. ఇంజనీరు చరిత్ర రాయడమేమిటని సోషల్ మాస్టార్లు నవ్వుకోకుండా ఓపిగ్గా చదవాలని మనవి.

1985 జనవరి. రిపబ్లిక్ డే ముందు రోజు అసెంబ్లీ హాల్లో హౌస్ క్విజ్ ఫైనల్. మాది బ్లూ హౌస్, ఎదురుగా రెడ్ హౌస్. నేను మా జట్టు కెప్టెన్ని. రెడ్ హౌస్ తరఫున కూర్చున్న ముగ్గురిలో ఒకడిని మనమంతా 'మిలట్రీ' అని పిలిచేవాళ్లం. అసలు పేరు రాయను. మన బ్యాచ్‌వాళ్లకు రాయనక్కర్లేదు కూడా. వాళ్ల నాన్న సైన్యంలో హవల్దారుగా రిటైరై, ఊళ్లో బ్యాంకు గుమ్మం దగ్గర తుపాకీ పెట్టుకుని గార్డుగా కూర్చునేవారు. వాళ్లింటికి 'సైనిక్ సమాచార్' తెలుగు పత్రిక వచ్చేది. మనం చందమామ చదివినంత ఇష్టంగా వాడు దాన్ని చదివేవాడు.

స్కోరు 45-45. ఆఖరి ప్రశ్న రెడ్ హౌస్‌కు. "మొదటి పరమవీర చక్ర పొందిన మేజర్ సోమనాథ్ శర్మ ఏ రెజిమెంట్‌లో ఆఫీసరుగా చేరాడు?" మిలట్రీ టక్కున లేచి "హైదరాబాద్ రెజిమెంట్ సార్" అన్నాడు. హాలంతా గొల్లుమంది. సార్ కూడా నవ్వి, "హైదరాబాదుకు రెజిమెంట్ ఎక్కడిదిరా, నిజాం పోయి ఎన్నాళ్లయింది" అన్నారు. వాడు కూర్చోకుండా "చేరినప్పుడు అదే సార్, తర్వాత పేరు మారింది" అని ఏదో చెప్పబోయాడు. సార్ చేతిలో కార్డు చూసుకుని, తప్పని ప్రశ్నను మాకు పాస్ చేశారు. నేను "కుమావూ రెజిమెంట్" అన్నాను. ఐదు బోనస్ మార్కులు. 50-45. కప్పు పట్టుకుని ఫొటో దిగాం. ఆ ఫొటో ఈ సంచికలో పాత ఫొటోల పేజీలో వేస్తున్నారని విన్నాను, అందుకే ఇది రాయక తప్పలేదు.

సార్ తప్పు ఇందులో ఏమీ లేదు. కార్డు మీద ఉన్నది అదే. నాకు తెలిసిందీ అంతే, జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో 'మేజర్ సోమనాథ్ శర్మ, 4 కుమావూ' అని ఒక లైను బట్టీ పట్టాను. అయితే వాడి మొహం నాకు గుర్తుండిపోయింది. పదో తరగతి అయ్యాక వాడు ఊళ్లో లేడు. వాళ్ల నాన్నకు ఎక్కడికో బదిలీ అయిందన్నారు.

ఆ తర్వాత ఇరవై రెండేళ్ల దాకా నాకు ఈ సంగతి పట్టలేదు. 2007లో కాశ్మీర్ రైల్వే లైను పని మీద నన్ను మా కంపెనీ బడ్గాం పంపింది. శ్రీనగర్‌కు పక్కనే ఉంటుంది బడ్గాం. అక్కడ మా సైటు సెక్యూరిటీ చూసేందుకు ఒక రిటైర్డ్ సుబేదార్ ఉండేవాడు. కుమావూ కొండల మనిషి, మాట తక్కువ. నాది తెలంగాణ అని, హైదరాబాదుకు దగ్గరేనని చెప్పగానే ఆయన మొహం విచ్చుకుంది. "అరే సాబ్, మా పల్టన్‌కు ఒకప్పుడు మీ ఊరి పేరే" అన్నాడు హిందీలో. నాకేమీ అర్థం కాలేదు. ఆయన ఒక పొలం గట్టు వైపు చెయ్యి చూపి, సోమనాథ్ సాబ్ పోయింది ఈ చుట్టుపక్కలేనని చెప్పాడు. హాల్లో నవ్వులు వినపడ్డాయి నాకు, ఇరవై రెండేళ్ల తర్వాత. సెలవులో ఇంటికొచ్చాక పుస్తకాలు కొని చదవడం మొదలుపెట్టాను. తెలుసుకున్నది ఇక్కడ చెబుతున్నాను.

సోమనాథ్ శర్మ 1923 జనవరి 31న కాంగ్రా జిల్లా దాఢ్ అనే ఊళ్లో పుట్టాడు. అప్పుడది పంజాబ్, ఇప్పుడు హిమాచల్ ప్రదేశ్. తండ్రి అమర్‌నాథ్ శర్మ సైన్యంలో డాక్టరు, మేజర్ జనరల్ దాకా ఎదిగిన మనిషి. పిల్లవాడు నైనితాల్‌లో షేర్‌వుడ్ కాలేజీలో, తర్వాత డెహ్రాడూన్‌లోని మిలిటరీ కాలేజీలో చదివాడు. చిన్నప్పుడు తాతగారి దగ్గర కూర్చుని భగవద్గీత విన్నాడంటారు. ఆ గీత సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది. మేనమామ కెప్టెన్ వాసుదేవ కూడా సైనికుడే. 1942 జనవరిలో మలయాలో స్లిమ్ నది దగ్గర జపాన్ వాళ్లతో పోరాడుతూ చనిపోయాడు. ఆ స్లిమ్ నది దగ్గర దెబ్బతిన్న భారతీయ దళాల్లో 19వ హైదరాబాద్ రెజిమెంట్ 4వ బెటాలియన్ ఒకటి.

మేనమామ పోయిన మర్నెలలోనే, 1942 ఫిబ్రవరి 22న, మేనల్లుడు ఆఫీసరయ్యాడు. పత్రంలో ఉన్న రెజిమెంట్ పేరు: 19వ హైదరాబాద్ రెజిమెంట్, 8వ బెటాలియన్. మిలట్రీ చెప్పిన జవాబు అక్షరాలా కరెక్టు.

ఇక్కడ నేను చాలాకాలం పడ్డ ఒక పొరపాటు చెప్పాలి. హైదరాబాద్ రెజిమెంట్ అంటే నిజాం సైన్యమనే అనుకున్నాను. మీలో చాలామంది ఇప్పుడు అలాగే అనుకుంటూ ఉండవచ్చు. కాదు. నిజాం రాజ్యంలో ఒకప్పుడు మూడు రకాల సైన్యాలు ఉండేవి. సికింద్రాబాదులో ఉన్నది కంపెనీ వాళ్ల సబ్సిడియరీ ఫోర్సు. నిజాం సొంత ఆజ్ఞ కింద ఉన్నది ఆయన సొంత సైన్యం. ఈ రెంటికీ మధ్య మూడోది ఒకటి, హైదరాబాద్ కంటింజెంటు. పేరు నిజాంది, జీతం నిజాంది, హుకుం మాత్రం ఇంగ్లీషు ఆఫీసర్లది. 1813లో అప్పటి రెసిడెంటు హెన్రీ రస్సెల్ లేపిన రస్సెల్ బ్రిగేడ్ దాని ముఖ్యమైన మూలాల్లో ఒకటి. బొల్లారంలో దాని కంటోన్మెంటు. మనం రైల్లో వెళ్లేటప్పుడు కిటికీలోంచి చూసి పట్టించుకోని ఆ బొల్లారమే. 4వ బెటాలియన్ వంశం ఇంకా పాతది, 1788 దాకా వెళుతుంది.

ఈ కంటింజెంటు జీతాలు నిజాంకు తలకు మించిన భారమయ్యాయి. బకాయిలు పేరుకుపోయి, చివరికి 1853లో బేరార్ జిల్లాలను కంపెనీకి అప్పగించి ఆ ఖర్చు తీర్చవలసి వచ్చింది. తన జీతం కోసం యజమాని భూమినే కుదువ పెట్టించిన సైన్యం అది. 1903లో దాన్ని బ్రిటిష్ ఇండియా సైన్యంలో కలిపేశారు. ఆ పాత పటాలాలతోనే 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంట్ ఏర్పడింది. అప్పటికి అందులో మన తెలుగువాళ్లు దాదాపు లేరు. మొదటినుంచీ ఉత్తరాది మనుషులనే ఎక్కువగా తీసుకునేవాళ్లు. తర్వాత్తర్వాత కుమావూ కొండలవాళ్లు, అహీర్లు, జాట్లు నిండారు. చివరికి 1945 అక్టోబరు 27న మనుషులకు తగ్గట్టు పేరూ మార్చి కుమావూ రెజిమెంట్ అన్నారు. అంటే శర్మ చేరింది హైదరాబాద్ రెజిమెంట్‌లో, పోయింది కుమావూ రెజిమెంట్‌లో. రెజిమెంట్ మారలేదు, పేరు మారింది.

మరి మనకేమిటి సంబంధం అని అడగవచ్చు. నేనూ అడుక్కున్నాను. రక్తసంబంధం లేదు, ఉందని గొప్పకు చెప్పుకోను. ఆ సైన్యానికి మొదటి వందేళ్లు తిండి పెట్టిన ఖజానాలో మాత్రం మన తాతముత్తాతలు కట్టిన శిస్తు ఉంది. కరువులోనూ వసూలు చేసిన శిస్తు. ఆ మాత్రం వాటా చాలు నాకు.

సరే, 8వ బెటాలియన్‌కు వద్దాం. దాన్ని బర్మాలో అరకాన్ అడవుల్లో నడిపినవాడు లెఫ్టినెంట్ కర్నల్ తిమ్మయ్య. తర్వాత భారత సైన్యాధిపతి అయిన కొడగు వీరుడు జనరల్ తిమ్మయ్యే. రెజిమెంట్ పరంగా చూస్తే ఆయనా హైదరాబాదీయే. అక్కడ జరిగిన ఒక ముచ్చట సైన్యంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒక పోరులో శర్మ ఆర్డర్లీ బహదూర్ గాయపడి నడవలేకపోయాడు. వెనక్కి వస్తున్న దళంలో కుర్ర ఆఫీసరు అతన్ని భుజాన వేసుకుని మెల్లగా నడుస్తున్నాడు. తిమ్మయ్య చూసి, అతన్ని దించి త్వరగా రమ్మని హుకుం ఇచ్చాడు. శర్మ ఒప్పుకోలేదు. ఇతను నా మనిషి, వదిలి రాలేను సార్ అన్నాడు. మోసుకునే వచ్చాడు, బహదూర్ బతికాడు.

అరకాన్ పోరాటానికి శర్మకు దక్కిన గుర్తింపు 'మెన్షన్డ్ ఇన్ డిస్పాచెస్'. ఇది పతకం కాదు. సేనాని పై అధికారులకు పంపే యుద్ధ నివేదికలో ఫలానావాడు బాగా పోరాడాడని పేరు రాయడం. దానికి గుర్తుగా వార్ మెడల్ రిబ్బను మీద కంచుతో చేసిన చిన్న ఓక్ ఆకు గుచ్చుకోవచ్చు. బతికుండగా శర్మకు దక్కిన సాహస గుర్తింపు ఆ ఆకు ఒక్కటే.

ఇక 1947. దీన్ని కొంచెం ఇంజనీరు కళ్లతో చూస్తాను, ఏమనుకోవద్దు.

అక్టోబరు 22న గిరిజన లష్కర్లు ముజఫరాబాద్ మీదుగా కాశ్మీర్‌లోకి చొరబడ్డాయి. ఉరి దగ్గర మహారాజా సైన్యపు బ్రిగేడియర్ రాజిందర్ సింగ్ వంతెన పేల్చి వాళ్లను కొంతసేపు ఆపి ప్రాణమిచ్చాడు. వంతెనలు కట్టే మా వృత్తివాళ్లకు ఆ పేల్చివేత విలువ బాగా తెలుస్తుంది. 26న మహారాజా విలీన పత్రం మీద సంతకం పెట్టాడు. 27 పొద్దున డకోటా విమానాల్లో 1వ సిక్కు బెటాలియన్ శ్రీనగర్‌లో దిగింది. కుమావూ పేరు పుట్టి ఆనాటికి సరిగ్గా రెండేళ్లు. సిక్కు బెటాలియన్‌ను నడిపిన లెఫ్టినెంట్ కర్నల్ దీవాన్ రంజిత్ రాయ్ ఆ రోజే బారాముల్లా వైపు పోరాడి చనిపోయాడు. రాజిందర్ సింగ్‌కూ రాయ్‌కూ మహావీర చక్ర వచ్చింది.

అసలు విమానాల్లోనే ఎందుకు? దారి లేదు కాబట్టి. లోయలోకి మంచి రోడ్డు ఝీలం నది వెంట ముజఫరాబాద్ మీదుగా వచ్చేది. అది దాడి చేసినవాళ్ల చేతిలో ఉంది. జమ్ముకు రైలు సియాల్‌కోట్ నుంచి. అది పాకిస్తాన్‌కు పోయింది. మిగిలింది పఠాన్‌కోట్ నుంచి జమ్ము దాకా నాసిరకం దారి, అక్కడినుంచి బనిహాల్ కనుమ. చలికాలం మంచు పడితే కనుమ మూత. జవహర్ సొరంగం తెరిచింది 1956లో. కాబట్టి 1947 నవంబరు మొదటి వారంలో దేశానికీ శ్రీనగర్‌కూ మధ్య ఉన్న అసలైన దారి ఒక్క మట్టి రన్‌వే. అదీ పెద్ద విమానాల రాకపోకల కోసం కట్టింది కాదు. దుమ్ము రేపుకుంటూ డకోటాలు దిగుతున్నాయి, మనుషులను దింపి మళ్లీ లేస్తున్నాయి.

ఆ విమానాశ్రయం ఉన్నది కరేవా మీద. ఒకప్పటి సరస్సు అడుగున పేరుకున్న మెత్తటి మన్ను, లోయలో ఎత్తుగా బల్లపరుపుగా నిలిచిపోయిన దిబ్బ. పాంపోర్‌లో కుంకుమపువ్వు పండేది ఇలాంటి నేలలోనే. ఆ మన్ను ఎండితే గట్టి, తడిస్తే బురద. మా రైల్వే కట్టల కింద అది మమ్మల్ని పెట్టిన తిప్పలు చెప్పాలంటే ఇంకో సావనీరు కావాలి. ఆ కరేవాకు కొన్ని కిలోమీటర్ల దూరంలోనే బడ్గాం. గుల్‌మర్గ్ వైపు నుంచి వచ్చే గుంపు బారాముల్లా రోడ్డు వదిలేసి పొలాలకడ్డంపడి వస్తే విమానాశ్రయానికి ముందు తగిలే ఊరు అదే. రన్‌వే పోతే ఇక శ్రీనగర్‌కు ఎవరూ రాలేరు, దిగినవాళ్లకు తిండీ తూటా అందవు. బడ్గాం విలువ అది. అక్కడ కొన్ని నెలలు సర్వే పరికరం భుజాన వేసుకుని తిరిగినవాడిగా చెబుతున్నాను, మ్యాపు అక్కర్లేదు, గట్టు మీద నిలబడి చూస్తే చాలు తెలిసిపోతుంది.

శర్మ అప్పటికి 4వ కుమావూలో ఉన్నాడు. మేనమామ పోయిన స్లిమ్ నది దగ్గర పోరాడిన ఆ 4వ బెటాలియన్ వారసులే వీళ్లు. హాకీ ఆడుతూ పడి ఎడమ చెయ్యి విరిగింది, పట్టీ వేసి ఉంది. యుద్ధానికి పోనక్కర్లేదు. తన కంపెనీ పోతుంటే తానుండనని పట్టుబట్టి, కట్టు చేత్తోనే అక్టోబరు 31న డి కంపెనీతో శ్రీనగర్‌లో దిగాడు.

నవంబరు 3న బ్రిగేడియర్ ఎల్.పి. సేన్ బడ్గాం వైపు మూడు కంపెనీలను గస్తీకి పంపాడు. మధ్యాహ్నం దాకా ఏ అలికిడీ లేదు. రెండు కంపెనీలను వెనక్కి పిలిచారు. శర్మ కంపెనీని ఇంకో గంట ఉండి రమ్మన్నారు. రెండున్నర దాటాక ఊళ్లోని కొన్ని ఇళ్ల వైపు నుంచి కాల్పులు వచ్చాయి. ఆ ఇళ్లలో ఆడవాళ్లు, పిల్లలు ఉంటారని శర్మ ఎదురు కాల్చవద్దన్నాడు. ఈ ఒక్క సంగతి చాలా కథనాల్లో ఒక వాక్యంలో అయిపోతుంది. నాకు మాత్రం ఇక్కడే ఎక్కువసేపు ఆగాలనిపిస్తుంది. చుట్టూ ఏం జరుగుతోందో తెలియని ఆ నిమిషంలో అలాంటి హుకుం ఇవ్వడానికి, దాన్ని జవాన్లు పాటించడానికి, వాళ్ల మధ్య ఎంత నమ్మకం ఉండాలి?

అంతలో గుల్‌మర్గ్ వైపు నుంచి అసలు గుంపు వచ్చిపడింది. అవార్డు పత్రం దాదాపు 500 మంది అంటుంది, తర్వాతి కథనాలు 700 అంటాయి. ఒకరికి ఏడుగురు అని పత్రమే చెబుతుంది కనుక లెక్క కట్టుకుంటే మనవాళ్లు 70కీ 100కూ మధ్య. మూడు వైపుల నుంచి మోర్టార్లు, మెషిన్‌గన్లు. శర్మ ఆ కాల్పుల్లోనే ఒక సెక్షన్ నుంచి ఇంకో సెక్షన్‌కు పరుగెత్తుతూ మనుషులను నిలబెట్టాడు. మన విమానాలకు శత్రువు ఎక్కడున్నాడో తెలియాలని బహిరంగ స్థలంలోకి వెళ్లి నేల మీద గుడ్డ పట్టీలు పరిచాడు. ఎల్ఎంజీలు కాల్చేవాళ్లు పడిపోతుంటే, పట్టీ కట్టిన చేత్తోనే మేగజైన్లలో తూటాలు నింపి అందించాడు. ఎన్‌సీసీ క్యాంపులో మనం రెండు చేతులూ బాగుండి, ఎదురుగా అట్టముక్క తప్ప ఎవరూ లేనప్పుడు .22 రైఫిల్‌లో ఐదు తూటాలు పెట్టడానికి ఎంత తడబడ్డామో గుర్తు తెచ్చుకోండి.

బ్రిగేడ్‌కు ఆయన పంపిన ఆఖరి కబురు పాఠ్యపుస్తకాల్లోకి కూడా ఎక్కింది. శత్రువు యాభై గజాల దూరంలో ఉన్నాడు, మేము చాలా తక్కువమందిమి, అయినా చివరి మనిషి, చివరి తూటా వరకూ అంగుళం కూడా వెనక్కి రామని దాని సారాంశం. కాసేపటికే పక్కన ఉన్న మందుగుండు కుప్ప మీద మోర్టార్ గుండు పడి పేలింది. శర్మ వయసు 24 ఏళ్ల 9 నెలలు. ఆఫీసరై ఐదేళ్ల ఎనిమిది నెలలు.

అవార్డు పత్రం చదివేటప్పుడు నాకు ఒక విషయం కొత్తగా కనపడింది. శర్మ ఆరు గంటలు పోరాడాడని చాలాచోట్ల రాస్తారు. పత్రం చెప్పేది వేరు. ఆ ఆఫీసరు చనిపోయిన తర్వాత కూడా ఆరు గంటలు ఆయన మనుషులు పోరాడారని దాని మాట. నాయకుడు లేకుండా, మూడొంతులు చుట్టుముట్టబడి, చీకటి పడేదాకా. పతకం ఎందుకిచ్చారో నాకు అక్కడ అర్థమైంది. సాయం చేయడానికి వచ్చిన కంపెనీ చేరేసరికి ఆ చోటు శత్రువు చేతిలో ఉంది. శర్మతో పాటు ఒక జేసీవో, 20 మంది జవాన్లు చనిపోయారు. ఆ 21 మంది పేర్లు మన క్విజ్‌లో ఎవరూ అడగలేదు, అడిగితే చెప్పగలిగేవాళ్లం కాదు. లష్కర్ వైపు 200 మంది దాకా పడ్డారంటారు. వాళ్ల ఊపు అక్కడ తగ్గింది. ఈలోగా విమానాల్లో ఇంకా సైన్యం దిగింది. నవంబరు 7న షాలటెంగ్ దగ్గర లష్కర్ విరిగిపోయింది, 8న బారాముల్లా తిరిగి మన చేతికొచ్చింది.

మూడు రోజుల తర్వాత శర్మ దేహం దొరికింది. గుర్తుపట్టే స్థితిలో లేదు. పిస్తోలు పెట్టుకునే తోలు సంచీ, రొమ్ము జేబులో ఉన్న భగవద్గీత పుటలు కొన్ని, వీటిని బట్టి ఆయనేనని తేల్చారు.

అప్పటికి ఇవ్వడానికి స్వతంత్ర భారత్ దగ్గర సాహస పతకమే లేదు. పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర 1950 జనవరి 26న ఏర్పడ్డాయి, 1947 ఆగస్టు 15 నుంచి వర్తించేలా. శర్మకు పరమవీర చక్ర ఇస్తున్న గెజిట్ ప్రకటన 1950 జూన్ 21న వచ్చింది. కంచు పతకం, ఊదారంగు రిబ్బను, మధ్యలో మూడు సింహాలు, చుట్టూ నాలుగు వజ్రాయుధాలు. ఇంద్రుడి కోసం దధీచి తన ఎముకలిచ్చిన కథ మన తెలుగు వాచకంలో చదువుకున్నాం కదా, ఆ వజ్రాయుధమే. దీన్ని గీసింది సావిత్రీ ఖానోల్కర్. స్విట్జర్లాండ్‌లో పుట్టి, మరాఠీ సైనికాధికారిని పెళ్లాడి, మన పురాణాలు మనకంటే బాగా చదువుకున్న ఆవిడ. ఆవిడ కూతురు సోమనాథ్ తమ్ముడు సురేంద్రనాథ్ శర్మ భార్య. అంటే ఆవిడ గీసిన మొదటి పతకం వియ్యాలవారింటికే వెళ్లింది. ఇలాంటి కాకతాళీయం కథలో రాస్తే ఎడిటర్లు కొట్టేస్తారు. ఆ సురేంద్రనాథ్ సైన్యంలో ఇంజనీర్ల దళాధిపతి దాకా వెళ్లాడు, మా జాతివాడే. చిన్న తమ్ముడు విశ్వనాథ్ శర్మ 1988 నుంచి 1990 దాకా దేశ సైన్యాధిపతి.

ఇప్పటికి పరమవీర చక్ర పొందినవాళ్లు 21 మంది. అందులో తెలుగువాడు లేడు. కానీ హైదరాబాద్ పేరు రెండుసార్లు వస్తుంది. రెండోవాడు లెఫ్టినెంట్ కర్నల్ తారాపోర్, 1965లో చవిండా పోరులో ట్యాంకు మీద ప్రాణమిచ్చిన పూనా హార్స్ సేనాని. ఆయన మొదట చేరింది 7వ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీలో. ఇది మాత్రం నిజంగా నిజాం సైన్యం. ఒకే సంవత్సరం, 1942లో, ఇద్దరు కుర్రవాళ్లు హైదరాబాద్ పేరున్న రెండు వేర్వేరు సైన్యాల్లో ఆఫీసర్లయ్యారు. ఇద్దరికీ అదే పతకం వచ్చింది, ఇద్దరికీ పోయిన తర్వాతే వచ్చింది. ఈ సంగతి తెలిసిన రోజు మిలట్రీకి ఫోన్ చేసి చెప్పాలనిపించింది. నంబరు లేదు.

2008 అక్టోబరులో లోయలో మొదటి రైలు నడిచింది. అప్పటికి నేను ఇంకో సైటుకు మారిపోయాను. వచ్చేముందు సుబేదార్ నాతో బడ్గాం పొలాల దాకా నడిచాడు. వరి కోసేసి ఉంది, పొద్దు గుంకుతోంది. ఆయన టోపీ తీసి కాసేపు నిలబడ్డాడు. నేనూ హెల్మెట్ తీశాను.

మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో 61 మంది ఉన్నాం, మిలట్రీ మాత్రం లేడు. ఈ సంచిక చదివేవాళ్లలో ఎవరికైనా వాడి జాడ తెలిస్తే ఒక కాపీ అందించండి. సార్ ఆరోగ్యంగా ఉన్నారు, పోయిన నెల కలిసి ఇదంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆనాటి రిజిస్టరు ఉందేమో ఆఫీసులో చూడమన్నారు. చూశాం, చెదలు తినేసింది. అందుకని సార్ అనుమతితో ఇక్కడే దిద్దుతున్నాను. డైరెక్ట్ ప్రశ్నకు పది మార్కులు, మాకు వచ్చిన బోనస్ రద్దు. 1985 హౌస్ క్విజ్ ఫైనల్: రెడ్ హౌస్ 55, బ్లూ హౌస్ 45.